నాలుగు కన్నాల గుండీలు

ఆ ఏడు బడులు తెరవడానికి మూడు వారాలు ఉందనగా నాకు జ్వరం వచ్చింది. అప్పటికి ఏడో నెల. నాలుగు వందల యూనిఫారం చొక్కాలు కత్తిరించి పెట్టి ఉన్నాయి, సగానికి కాజాలే పడలేదు. జ్వరమని చెప్పడానికి ఇదా సమయం అనుకున్నాను. అనుకుని నోరు మూసుకున్నాను. ఈ కథలో మొదట అబద్ధమాడింది నేనే. అది ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడానికి నోరు వస్తుంది.

మా ఇంటి ముందు గదే మా కొట్టు. కిటికీ దగ్గర మా ఆయన కత్తిరింపు బల్ల, గోడవారగా రెండు మిషన్లు, మూలన చాప మీద గుండీల డబ్బాలు ముందేసుకుని నేను. ఆయన్ని వీధిలో అందరూ కత్తెర అంటారు. మా అత్తయ్యని డజనత్త అంటారు. ముప్ఫై ఏళ్ళుగా గుండీలు లెక్కపెట్టిన మనిషి, ఏ లెక్కయినా డజన్లలోనే చెబుతుంది. నేను ఈ ఇంటికొచ్చి మూడేళ్ళయిందని ఎవరైనా అంటే, "పావు డజను" అని దిద్దుతుంది.

"అర డజను మెతుకులు తిని లేచిపోయావేం?" అంది ఆ మధ్యాహ్నం.

"ఆకలి లేదత్తయ్యా."

"నీకు లేకపోతే పోనీ. లోపలున్నదానికి?"

లోపలున్నది అప్పట్లో బాగా తిరిగేది. మిషను చప్పుడు మొదలైతే చాలు, తనూ తొక్కేది. "ఇంకో మిషను కొనక్కర్లేదు, లోపల ఒకటి నడుస్తోంది" అని ఆయన నవ్వేవారు.

దగ్గు వచ్చినప్పుడల్లా గుడ్డల మూటలో మొహం పెట్టుకుని దగ్గాను. చెవులు మండుతున్నాయి. కళ్ళ ముందు గుండీలు ఈదుతున్నాయి. మా దగ్గర తెల్ల గుండీలు రెండు రకాలు. చొక్కాలకి నాలుగు కన్నాలవి, నిక్కర్లకి రెండు కన్నాలవి. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. దూరం నుంచి చూస్తే దేవుడికి కూడా తేడా తెలియదు. అత్తయ్యకి తెలుస్తుంది.

"ఏమే, ఇది నిక్కరు గుండీ." నేను కుట్టిన చొక్కా ఒకటి ఎత్తి వెలుగులో పట్టింది. తర్వాత రెండోది. తర్వాత మొత్తం దొంతర. "డజనుకి ఒకటి తక్కువ. పదకొండు చొక్కాలకి పెట్టేశావు."

"ఎవరు చూస్తారత్తయ్యా? పిల్లలు రెండు రోజుల్లో తెంపేసుకుంటారు."

"నా చెయ్యి చూస్తుంది." బ్లేడు తీసుకుని తనే ఒక్కొక్కటీ ఊడదీయడం మొదలుపెట్టింది. "కుట్టు తప్పు పోతే విప్పుకోవచ్చు. కలిపేసిన గుండీలు విడదీయడం నావల్ల కాదు." డబ్బా అందుకోబోయి నా మణికట్టు తగిలి ఆగింది. "ఒళ్ళు కాలిపోతోందేమే!"

"ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చున్నాను కదా, ఆ వేడి."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆవిడ నా వైపు ఒకసారి, ఇస్త్రీ పెట్టె వైపు ఒకసారి చూసి మళ్ళీ బ్లేడు అందుకుంది.

నాలుగు రోజులు అలాగే నెట్టుకొచ్చాను. అయిదో రోజు పొద్దున ఆయన ఏదో అడిగితే జవాబు చెబుతూ మాట మధ్యలో ఊపిరి అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ అయిపోయింది. నా పెదాలు నీలంగా ఉన్నాయని ఆయన కేకపెట్టారు. ఆటోలో అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని దారంతా ఒకే మాట అన్నానట, "చొక్కాలు, చొక్కాలు" అని.

ఆసుపత్రిలో నాకు చివరగా గుర్తున్నది ఒక మొహం, మూతికి కట్టిన గుడ్డ, దాని పైన రెండు కళ్ళు. ఊపిరితిత్తులకి నెమ్ము పట్టేసిందని, గొట్టం వేసి మిషనుతో ఊపిరి ఇవ్వాలని, గొట్టం పీకేసుకోకుండా మత్తు ఇస్తామని చెప్పింది ఆ మొహం.

"బిడ్డకో?" అన్నాను.

"ముందు నువ్వు ఊపిరి తీసుకోవాలమ్మా. నీ ఊపిరే దానికి."

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాకు లేవు. ఎవరైనా జేబులోంచి కొట్టేస్తే ఎలా ఉంటుందో అలా. కళ్ళు తెరిచేసరికి గొంతు పచ్చిపుండు, చేతులు మంచానికి మెత్తటి గుడ్డలతో కట్టేసి ఉన్నాయి. కడుపు మీదికి చెయ్యి పోనివ్వడం లేదు. ఎంత గుంజుకున్నానో. పెద్ద నర్సు వచ్చి నా కళ్ళలోకి చూసింది. ఏం అడుగుతున్నానో అర్థమైంది ఆవిడకి. ఒక చిన్న పెట్టె తెచ్చి, చల్లటి జిగురు రాసి, కడుపు మీద ఆనించింది.

గుర్రం పరిగెత్తుతున్న చప్పుడు.

"ఉంది. వింటున్నావా? ఉంది. ఇక గింజుకోకు, నీ బలమంతా దానికి కావాలి."

ఆ తొమ్మిది రోజుల్లో ఏం జరిగిందో ఆయన తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పారు. మూడో రోజున కాన్పుల డాక్టరమ్మ ఆయన్నీ అత్తయ్యనీ పిలిచి ఒక పొడుగాటి కాగితం చూపించిందట. బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని మిషను గీసిన గీత అది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి ఆ గీత సన్నగా ఎగుడుదిగుడుగా ఉంటుందట. నా బిడ్డది చదునుగా ఉంది.

"చేత్తో వేసిన కుట్టులా ఉండాలన్నమాట," అన్నారట ఆయన. "ఇది మిషను కుట్టులా తిన్నగా ఉంది."

"అంతే. బాగా చెప్పావు," అందట డాక్టరమ్మ. "తల్లికి ఇచ్చిన మత్తు బిడ్డకీ చేరుతుంది. అది కూడా లోపల మత్తుగా పడుకుంది. కదలిక తగ్గింది, గీత చదునైంది. ఇప్పుడు తొందరపడి బయటికి తీస్తే దాని ఊపిరి అది తీసుకోలేదు. తల్లికి మత్తు ఆపాక ఇది కూడా మేలుకుంటుంది. చూద్దాం."

చూశారు. నాకు మత్తు ఆపిన మూడో రోజుకి గీత మళ్ళీ చేతికుట్టయింది. డాక్టరమ్మ ఆ కాగితం చింపి నాకే ఇచ్చింది. ఆ రోజు అత్తయ్య మాకు అన్నం వండి తేవడానికి ఇంటికి వెళ్ళింది. వచ్చాక, "బిడ్డ బాగుందట" అని మాత్రం చెప్పారు ఆయన. ఆవిడకి గుర్తుండిపోయినవి మాత్రం మొదటి మాటలే. మత్తు బిడ్డకీ చేరుతుంది. లోపల పడుకుంది. మేలుకుంటుంది.

ఇంకో నాలుగు రోజులుంచి ఇంటికి పంపేశారు. అప్పటికి బడులు తెరిచేశారు. మా చొక్కాలు సగమే వెళ్ళాయి, మిగతా సగం వేరేవాళ్ళు కుట్టారు. అడ్డదిడ్డంగా కుట్టి ఉంటారని అత్తయ్య అనుమానం.

ఇంటికొచ్చిన నేను నేను కాను. మంచం మీంచి లేస్తే గోడ పట్టుకోవాలి. వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి, సూది పట్టుకుంటే ఉందో లేదో కళ్ళతో చూసుకోవాలి. నరాలు నీరసించాయని, మెల్లగా వస్తాయని, గరుకుగా ఉండేవి ఏవైనా రోజూ వేళ్ళ మధ్య నలుపుతూ ఉండమని చెప్పారు. కడుపు మీద చర్మం కూడా నాది కాదన్నట్టే ఉండేది. లోపల ఏదో జరిగినట్టుంటుంది, కదిలిందో, పేగు మెలిపడిందో చెప్పలేను.

అలాంటిదాని చేతికి డాక్టరమ్మ ఒక కార్డు ఇచ్చింది. రోజూ మధ్యాహ్నం తిన్నాక ఎడమవైపు తిరిగి పడుకోవాలి. బిడ్డ కదలికలు లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది రావాలి. "రాకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు. అప్పటికప్పుడు బయల్దేరి వచ్చెయ్. అన్నీ బాగుంటే రెండు వారాల మీద రెండో రోజు చూపించుకో," అంది.

మొదటి రోజు నాలుగు లెక్కపెట్టి నిద్రలోకి జారిపోయాను. లేచి చూసేసరికి సాయంత్రం నాలుగైంది. గొల్లున ఏడ్చాను.

"ఏడవకు," అంది అత్తయ్య. "నువ్వు పడుకో. ఇప్పట్నుంచే లెక్క నాది. ముప్ఫై ఏళ్ళలో నా చేతిలో ఒక్క గుండీ తప్పు పోలేదు."

అలా మొదలైంది. నేను చాప మీద ఎడమవైపు తిరిగి పడుకుంటాను. ఆవిడ నా వెనక కూర్చుని ఎడం చెయ్యి నా కడుపు మీద పరుస్తుంది. కుడి చేతి పక్కన గుండీల డబ్బా, దాని పక్కన సాసరు. బిడ్డ కదిలితే ఒక గుండీ తీసి సాసర్లో వేస్తుంది. టిక్కు. కాసేపటికి మళ్ళీ టిక్కు. ఆ చప్పుడు వింటూ నేను నిద్రపోతాను. రెండు గంటలయ్యాక ఆ గుండీలన్నీ దారానికి గుచ్చి ముడేసి, గోడ మేకుకి తగిలిస్తుంది. పాతరోజుల్లో మూటకిన్ని అని గుండీలు అలాగే గుచ్చి ఇచ్చేవాళ్ళట, దారిలో ఒక్కటీ పోకుండా. రోజుకొక దండ.

"ఎన్ని?" అంటాను కళ్ళు తెరవగానే.

"డజను."

"నిజంగా?"

"మేకుకి ఉంది, లెక్కపెట్టుకో. తిరగలిలా తిరుగుతోంది నీ కూతురు."

"కూతురని ఎవరు చెప్పారు?"

"ఇంత గోల మగపిల్లలు చెయ్యరు."

నేను కార్డు మీద పన్నెండు అని రాస్తాను. పెన్ను పట్టు దొరక్క అంకె వంకరపోయేది. తొమ్మిదో తరగతి సగంలో మానేసినదాన్ని, పరీక్ష పేపరు మీద కూడా అంత భయంగా రాయలేదు.

కార్డు నిండుతోంది. మనసు నిండడం లేదు. పది నిమిషాలకోసారి కడుపు తడుముకునేదాన్ని. చల్లటి నీళ్ళు తాగి చూసేదాన్ని. అటు తిరిగేదాన్ని, ఇటు తిరిగేదాన్ని. గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చేదాన్ని. "కాసేపు దాన్ని నిద్రపోనివ్వు, నువ్వే దానికి ఒక గండంలా ఉన్నావు" అనేవారు ఆయన. అంటూనే, నేను అడక్కుండానే మిషను దగ్గర కూర్చుని, గుడ్డ లేకుండా ఉత్త మిషను తొక్కేవారు. ఆ చప్పుడుకి అది లేస్తుందని. గదంతా ఆ చప్పుడే. ముగ్గురం నా కడుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం.

"మునుపటిలా లేదత్తయ్యా. మిషనుకి కూడా లేవడం లేదు," అన్నాను ఒకరోజు.

"నీకు ఒక పూటలో దిగిందా మత్తు? పసిది, దానికి మెల్లగా దిగుతుంది. డాక్టరమ్మే చెప్పింది కదా, మేలుకుంటుందని. ఇవాళ పది వచ్చాయి. నువ్వు హడలిపోకు. నువ్వు హడలితే దానికి గాలి ఆడదు."

పది వచ్చాయి. కార్డు మీద రాశాను. పది అంటే చాలన్నమాటే కదా.

ఇంటికొచ్చాక పదిహేనో రోజు. వాన మొదలైంది, వీధి తలుపు వేసి ఉంది. మధ్యాహ్నం వంట ఇంకా కాలేదు. అత్తయ్య మిషను మీద కాలర్లు కుడుతోంది, ఆయన సుద్దతో గీతలు గీస్తున్నారు. నాకు కాలు నిలవక, మేకు మీది దండలు తీసుకుని చాప మీద కూర్చున్నాను. వేళ్ళకి పని చెప్పాలి కదా. మొదటి దండ తీసి ఒక్కో గుండీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపడం మొదలుపెట్టాను. ఏదో తగులుతోంది. కళ్ళు మూసుకున్నాను. అవును, తగులుతోంది. కన్నాలు తెలుస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "ఏవండీ, వేళ్ళు వచ్చాయి!" అని అరుద్దామనుకున్నాను. అరవలేదు. ఇంకాస్త రూఢి చేసుకుందామని వరసగా నలుపుతూ పోయాను. అన్నీ నాలుగు కన్నాలే. రెండో దండ, మూడోది, అన్నీ అంతే. ఆడుకుంటున్నట్టు ఉంది. వేళ్ళు బతికినందుకు ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

పదో దండలో చివరి గుండీ వేలికి రెండే కన్నాలు చెప్పింది.

వేలు ఇంకా పూర్తిగా రాలేదేమో అనుకున్నాను. కళ్ళు తెరిచి చూశాను. రెండే. పక్కది కూడా రెండే. పదకొండో దండలో మూడు, పన్నెండో దండలో అయిదు. నిన్నటి దండ తీశాను. పది గుండీలు. నాలుగు కన్నాలవి మూడు. రెండు కన్నాలవి ఏడు.

మా అత్తయ్య గుండీలు కలపదు.

దండ పట్టుకుని వెళ్ళి మిషను ముందు నిలబడ్డాను. ఆవిడ తలెత్తింది. దండ చూసింది. కాలు ఆగింది, చక్రం దానంతటది ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"ఇవేంటత్తయ్యా?"

సూది కింద ఉన్న కాలరు తీయబోయి మానేసింది.

"నాలుగు కన్నాలవి దానివి," అంది. "రెండు కన్నాలవి నావి."

ఆయన చేతిలో సుద్ద అలాగే ఉండిపోయింది. "ఏమంటున్నావమ్మా?"

"ఇది రోజంతా హడలిపోతోంది కదరా. హడలితే బిడ్డకి మంచిది కాదని నర్సు చెప్పలేదూ? మత్తు దిగేదాకా ఆగుదామనుకున్నా. ఇంకో రెండ్రోజుల్లో ఎలాగూ చూపించాలి కదా అని..." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. చేతులే లేవు, ఒళ్ళో ఎక్కడో పోయాయి.

"అన్నీ నాలుగు కన్నాలవే వెయ్యొచ్చుగా," అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "నాకు తెలిసేది కాదు కదా."

"చెయ్యి రాలేదే."

నా నోట్లో చాలా మాటలున్నాయి. వీధంతా వినబడేలా అరవడానికి సరిపడా ఉన్నాయి. అన్నిటికంటే ముందు నాలిక మీదికొచ్చింది మాత్రం ఇస్త్రీ పెట్టె. ఆ పక్కన కూర్చున్నాను కదా, ఆ వేడి. ఆ నాలుగు రోజులు నేను అబద్ధం ఆడకపోయుంటే ఈ గొట్టాలు, ఈ మత్తు, ఈ దండలు, ఏవీ లేవు.

"ఆటో పిలవండి," అన్నాను ఆయనతో.

డాక్టరమ్మ గదిలో ముందు కార్డే చూసింది. "పది, పది, పదకొండు. బాగానే ఉన్నాయి కదమ్మా, రెండు రోజులు ముందే వచ్చేశావు," అంటూ కార్డు పక్కన పెట్టబోయింది.

"ఆ కార్డు అబద్ధం డాక్టరమ్మా," అంది అత్తయ్య. చీర కొంగులో మూట కట్టుకుని తెచ్చిన పద్నాలుగు దండలూ తీసి బల్ల మీద వరసగా పరిచింది. "దీని తప్పేం లేదు, నేను చెప్పిన అంకె అది రాసింది. మీరు నాలుగు కన్నాలవి మాత్రం లెక్కపెట్టుకోండి. అందులో ఒక్కటీ ఎక్కువ లేదు, ఒక్కటీ తక్కువ లేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ఒక దండ ఎత్తి చూసింది. అత్తయ్య మొహం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పెన్ను తీసి, దండ వెనక దండ చూస్తూ, నా వంకర అంకెల పక్కన ఒక్కొక్కటిగా వేరే అంకెలు వేసుకుంటూ పోయింది. పన్నెండు పన్నెండుగానే ఉంది కొన్నాళ్ళు. తర్వాత ఎనిమిది. ఏడు. అయిదు. నాలుగు. మూడు.

"అయిదు రోజులుగా తగ్గుతూ వస్తోంది," అంది. బెల్లు కొట్టింది.

కడుపుకి పట్టీలు కట్టి మిషను పెట్టారు. కాగితం బయటికి వస్తోంది. నేను గీత వైపు చూడలేదు, ఆయన మొహం చూశాను. ఆయన కాగితం అంచు పట్టుకుని, చాలా మెల్లగా, "మిషను కుట్టు" అన్నారు.

"మత్తు ఇంకా దిగలేదేమో డాక్టరమ్మా," అంది అత్తయ్య తలుపు దగ్గరి నుంచి. "అప్పుడు కూడా ఇలాగే ఉంది కదా."

డాక్టరమ్మ తిరిగి చూసింది. "ఆ మత్తు దిగి మూడు వారాలైందమ్మా. అప్పుడే గీత బాగుపడింది కూడా. ఇది వేరు. ఆ జ్వరంలో తల్లికి ఊపిరి అందనప్పుడు మాయ దెబ్బతింది. బిడ్డకి తిండి, గాలి చాలినంత రావడం లేదు. అందుకని ఉన్నది దాచుకోవడానికి కదలడం మానేసింది."

"అయితే నిద్ర కాదా?"

"నిద్ర కాదు. ఇవాళే బయటికి తియ్యాలి."

అత్తయ్య బల్ల మీద దండలు ఉండిపోతే వెళ్ళి ఏరుకుంది. ఒక్కొక్కటీ చిక్కుపడకుండా మడిచి కొంగులో వేసుకుంది.

ఆపరేషను గదికి తీసుకెళ్తుంటే నేను మంచం కడ్డీ వదల్లేదు. "నాకు మత్తు ఇవ్వకండి. నన్ను పడుకోబెట్టకండి. దాన్ని మళ్ళీ పడుకోబెట్టకండి," అంటూనే ఉన్నాను. మత్తు డాక్టరు పొట్టిగా, బొద్దుగా ఉన్నాడు. నా తల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నడుము కిందకే ఇస్తానమ్మా. తలకి ఏమీ ఇవ్వను, నీకూ ఇవ్వను, దానికీ ఇవ్వను. కావాలంటే నాతో పోట్లాడుతూ ఉండు, మెలకువగా ఉన్నావని నాకూ తెలుస్తుంది."

"పోట్లాడను. లెక్కపెడతాను."

"సరే, లెక్కపెట్టు."

కింద ఏదో లాగుతున్నట్టు, గుడ్డ చింపుతున్నట్టు ఉంది. నొప్పి లేదు. ఉన్నట్టుండి కడుపు ఖాళీ అయిపోయింది, అది తెలిసింది. చప్పుడు లేదు. ఎవరో నడిచారు. ఒకటి, రెండు, మూడు. ఒక డజను. మళ్ళీ ఒకటి, రెండు. రెండు డజన్లు. మత్తు డాక్టరు నా నుదుటి మీద చెయ్యి వేశాడు. మూడు డజన్లు. మూడు డజన్ల మీద ఏడు.

తడి గుడ్డ పిండితే వచ్చే చప్పుడులాంటిది ఒకటి వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఈసారి కాస్త కోపంగా.

"ఆడపిల్ల," అన్నారెవరో.

కిలోన్నర. గాజుపెట్టెలో పెట్టారు. రెండు రోజులు ముక్కుకి గొట్టం, మూడో రోజుకి తీసేశారు. అత్తయ్య రోజూ వచ్చేది, గాజు అద్దానికి ఇవతలే నిలబడేది, వెళ్ళిపోయేది. నాలుగో రోజు నర్సు నా చేతులు మోచేతుల దాకా కడిగించి పెట్టె కిటికీలోంచి పిల్లని ముట్టుకోనిచ్చింది. నా చూపుడువేలు దాని అరచేతిలో పెట్టాను. పట్టుకుంది. వేలి కొసకి ఆ పట్టు తెలిసింది.

అత్తయ్య అద్దం వెనక నుంచి చూస్తోంది. రమ్మని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది. నర్సుని అడిగి, నేనే బయటికి వెళ్ళాను.

"నేను ముట్టుకోనులే," అంది. "దూరం నుంచి చూస్తా, చాలు."

"మరి నేను కునుకు తీస్తే లెక్క ఎవరు పెడతారు? నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చూసి చెప్పమన్నారు."

ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుంది, సబ్బు అరిగిపోయేలా.

పిల్లకి ఇప్పుడు పది నెలలు దాటాయి. ముందే పుట్టింది కాబట్టి రెండు నెలలు తగ్గించి లెక్కపెట్టుకోమంటారు పిల్లల డాక్టరు. తగ్గించే లెక్కపెడతాను, అయినా ఆగను. పక్కింటి పిల్లలు ఏ నెలలో ఏం చేశారో అడుగుతాను. కూర్చుందా, తిరిగి చూసిందా, మెడ ఎటు వాలింది. చెవుల పరీక్షయింది, కళ్ళ పరీక్షయింది, బాగున్నాయన్నారు. ఒంటి బిగువు, చేతుల వాటం మాత్రం ఇంకా చూడాలన్నారు. మూడు నెలలకోసారి పిలుస్తారు. వెళ్ళే ముందు వారం రోజులు నాకు అన్నం దిగదు.

మొన్న వెళ్ళాం. డాక్టరు పిల్ల ముందు బల్ల మీద ఒక చిన్న పూస పెట్టాడు. పిల్ల దాన్ని చూసింది, చెయ్యి చాపింది, తర్వాత ఆయన చొక్కా జేబులో పెన్ను నచ్చి అటు తిరిగింది.

"ఇంట్లో తీస్తోందా అమ్మా? చిన్న వస్తువుని రెండు వేళ్ళతో?"

"ఆఁ, తీస్తుందండి," అన్నాను. "ఇంట్లో బాగా తీస్తుంది. ఏది పెట్టినా తీసేస్తుంది. ఇక్కడ కొత్త కదా, అందుకని."

మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. ఆయన రాసుకోబోతున్నాడు.

"లేదు బాబూ," అంది వెనక నుంచి అత్తయ్య.

నేను తిరిగి చూడలేదు.

"రోజూ నా ఎదురుగానే గుండీ పెడతాను. ఈ వారంలో రెండు డజన్లసార్లు చెయ్యి చాపింది. అన్నీ అరచేత్తో ఊడ్చేసుకోవడమే. రెండు వేళ్ళతో తీసింది ఒక్కసారే, నిన్న పొద్దున. వెంటనే నోట్లో పెట్టుకోబోతే లాక్కున్నాను."

డాక్టరు నా వైపు చూశాడు. నేను పిల్ల వీపు నిమురుతున్నాను.

"ఒక్కసారి," అని రాసుకున్నాడు. "ఒక్కసారైనా మంచిదే. ఖచ్చితంగా చూశారా?"

"నాలుగు కన్నాలది," అంది అత్తయ్య.

ఆయనకి అర్థం కాలేదు. పెన్ను పట్టుకుని ఇంకేదో చెబుతుందేమోనని ఎదురుచూశాడు.

"ఖచ్చితంగానే చూశారండీ," అన్నాను. "రాసుకోండి."